జ్వరం తగ్గాక మంచం దిగడం

మా కాలనీలో ఏ ఇంట్లో పెద్దవాళ్ళకి జ్వరం వచ్చినా ఈ మధ్య నా దగ్గరికి వచ్చి అడుగుతున్నారు. నేనేమీ డాక్టర్ని కాను. ముప్ఫై ఏళ్ళు పోస్టాఫీసు కౌంటరు వెనక కూర్చుని రిటైరైన మనిషిని. మందుల సంగతి నాకు తెలియదు. మంచం సంగతి మాత్రం బాగా తెలుసు. వచ్చినవాళ్ళందరికీ మొదటినుంచీ చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుట్టింది, ఒకసారి కాగితం మీద పెట్టేస్తే సరిపోతుందనుకున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. నేను జ్వరంతో మంచాన పడ్డప్పుడు పట్టుకున్న భయం ఇప్పటికీ పూర్తిగా వదల్లేదు. రాస్తే కాస్త కుదుటపడతానేమోనని ఆశ.

1999, శ్రావణం

మా ఇల్లు కొండాపూర్‌లో. రాళ్ళూ రప్పలూ తప్ప ఏమీ లేవని జనం వెనకాడే రోజుల్లో మా అబ్బాయి మురళి అక్కడ చిన్న ఇల్లు కట్టాడు. వాడు జీడిమెట్లలో మందుల కంపెనీలో పనిచేస్తాడు. ఇల్లు కట్టిన కొన్నాళ్ళకే హైటెక్ సిటీ భవనం లేచింది, ఇక అప్పటినుంచి చుట్టూ రాళ్ళు పేల్చడమే పని. మధ్యాహ్నం పేలుడు వినిపిస్తే వంటింట్లో గిన్నెలు గలగలమనేవి. నేను మాత్రం దేనికీ చలించేదాన్ని కాదు. పొద్దున్నే లేవడం, నా బకెట్టు నేనే నింపుకుని స్నానం చేయడం, పాల పాకెట్టు తేవడం, కాఫీ కలపడం. నా పని ఇంకొకరు చేస్తే నాకు తిన్నది అరగదు. అది నా తత్వం, ఎవరేమనుకున్నా సరే.

మా కోడలు సుజాతది ప్రొద్దుటూరు. "అత్తా, నువ్వు" అంటుంది. మా వైపు "అత్తయ్యగారూ, మీరు" అంటారు కాబట్టి మొదట్లో చెవికి గుచ్చుకునేది, తర్వాత అలవాటైపోయింది. పెళ్ళయ్యాక అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సు చేసింది. ఆ శ్రావణంలోనే హైటెక్ సిటీ భవనంలో ఉద్యోగం దొరికింది. అమెరికాలో డాక్టర్లు మాట్లాడి పంపిన మాటల్ని చెవుల్లో పెట్టుకుని విని టైపు చేయడం. దసరా వెళ్ళగానే చేరమన్నారు. అది వాళ్ళ వంశంలోనే ఆడపిల్ల చేస్తున్న మొదటి ఉద్యోగం. కొత్త చెప్పులు కూడా కొనుక్కుంది.

ఒక సాయంత్రం నాకు వణుకు పుట్టింది. రెండు దుప్పట్లు కప్పుకున్నా ఆగలేదు. తెల్లారి బాత్రూముకని లేచాను. వరండా మధ్యకొచ్చాక ఒంట్లోంచి ఎవరో ప్రాణం లాగేసినట్టయి, కూర్చుండిపోయాను. లేవబోతే లేవలేదు. కాళ్ళు కనిపిస్తున్నాయి, చెప్పిన మాట మాత్రం వినడం లేదు. అక్కడే చీర తడిసిపోయింది. డెబ్భై దాటిన వయసులో, కోడలు చూస్తుండగా. జ్వరం సంగతి మరిచిపోయి సిగ్గుతో కళ్ళు మూసుకున్నాను. సుజాత చంకల కింద చేతులేసి లేపబోయింది. నేను ఆ పిల్ల చేతుల్లోనే కూలిపోయానట. అది నాకు గుర్తులేదు.

ఆసుపత్రిలో

ఆటోలో కంకర టిప్పర్ల వెనక వెళ్ళడం కొంచెం గుర్తుంది. ఎమర్జెన్సీ వార్డులో మంచాలు ఖాళీ లేక నడవలో స్ట్రెచరు మీద పడుకోబెట్టారు. నాకు అది మా పోస్టాఫీసు లాగే ఉంది. అంతమంది ఒకరిమీద ఒకరు పడుతుంటే ఒళ్ళు మండిపోయి, నాడి చూడబోయిన డాక్టరుతో, "లైన్లో రండి బాబూ, మనియార్డర్లు అవతల కౌంటరు" అన్నానట. ఇప్పటికీ మురళి ఆ మాట చెప్పి నవ్వుతాడు. ఆ రోజు నవ్వలేదు పాపం.

జ్వరం కొంచెం దిగాక డాక్టరు మురళిని అడుగుతున్న మాట మాత్రం నా చెవిన పడింది.

"ఈమె ఎప్పుడూ మంచంలోనే ఉండే మనిషేనా?"

మురళి బిక్కచచ్చిపోయి ఉన్నాడు. "పెద్దావిడండీ, డెబ్భై దాటాయి" అన్నాడు. అడిగినదానికి అది జవాబు కాదు. డాక్టరు తల ఊపి వెళ్ళిపోబోయాడు. సుజాత అడ్డం వచ్చి నిలబడింది.

"లేదు సార్. పొద్దన్నే అంగడికి పోయి పాలు తెచ్చేది మా అత్తే. మొన్నటిదాంకా అన్నీ తనే చేసుకునింది. మాకు కూడా చేసిపెట్టింది. ఇట్లయింది నిన్నటినుంచే."

అతను వెనక్కి వచ్చి నన్ను మళ్ళీ చూశాడు. ఈసారి చూడటం వేరుగా ఉంది. తన వేళ్ళు గట్టిగా పట్టుకోమన్నాడు, కాళ్ళు ఎత్తమన్నాడు, ఏ ఊరో అడిగాడు. ఆ పిల్ల ఆ ఒక్క ముక్క చెప్పకపోతే నన్ను మూలనున్న ముసలమ్మగానే రాసిపడేసేవారు. మీ ఇంట్లో పెద్దవాళ్ళని ఎమర్జెన్సీకి తీసుకెళ్తే, జ్వరం ఎంత ఉందో చెప్పడంతోపాటు మొన్నటిదాకా వాళ్ళు ఏమేం చేసుకునేవారో కూడా చెప్పండి.

సుజాత ఆ పూటంతా బయట బెంచీ మీదే కూర్చుంది. పక్కన బురఖా వేసుకున్న పెద్దావిడ తన ఫ్లాస్కులోంచి చాయ్ పోసిచ్చి, "పరేషాన్ కాకు బిడ్డా, మీ అమ్మకు తగ్గుతది" అందట. అమ్మ కాదు, అత్త అని చెప్పడానికి తనకి మనసొప్పలేదని తర్వాత ఎప్పుడో చెప్పింది.

వార్డులో నా పక్క మంచం అంతమ్మది. పుప్పాలగూడ నుంచి వచ్చింది, ఇంచుమించు నా వయసే. ఆమెకీ జ్వరమే. పొద్దున ఒకసారి కొడుకు వచ్చి చూసి పోయేవాడు, తర్వాత ఎవరూ ఉండరు. నా దగ్గర మాత్రం ఎప్పుడూ ఇద్దరు. నేను కదిలితే చాలు, బెడ్‌పాన్ తెచ్చేవారు, దిండు సర్దేవారు, గ్లాసు నోటికి అందించేవారు. అంతమ్మ మంచం పట్టీ పట్టుకుని, తర్వాత గోడ పట్టుకుని, తూలుతూ బాత్రూముకి పోయేది. నాకు చాలా జాలేసింది. సాయం చేయమని సుజాతని పంపాను.

"జర పక్కకు జరుగు బిడ్డా, నేను పోతా" అంది అంతమ్మ. నావైపు తిరిగి, "నీకేందమ్మా, నీకు ఇంతమంది ఉన్నరు. ఇంటికాడ నా బర్రెలు నన్ను చూడక అరుస్తున్నయో ఏమో" అంది.

నాకంటే ముందే ఇంటికి పోయింది, చెప్పులు తనే తొడుక్కుని. దిక్కులేని మనిషి ఎంత అవస్థ పడిందో అని వెనక నేను మురళితో అన్నాను.

భాద్రపదం

నన్ను ఇంటికి తెచ్చేసరికి జ్వరం పూర్తిగా పోయింది. నీరసం ఒకటే మిగిలింది. అప్పటికే మా ఆడపడుచు సుభద్ర వదిన బందరు నుంచి దిగి ఉంది. ఆవిడ నాకంటే పెద్దది. మా వారు పోయాక కూడా నా మీద అజమాయిషీ వదల్లేదు, నేనూ ఎదురు చెప్పలేదు. వస్తూనే సుజాతని పిలిచి, "పథ్యం పెట్టేదాకా మీ అత్తగారు మంచం దిగడానికి వీల్లేదు" అని చెప్పేసింది.

ఈ కాలం పిల్లలకి పథ్యమంటే ఏమిటో తెలియకపోవచ్చు. జ్వరం తగ్గినవాళ్ళకి మంచి రోజు చూసి తలకి నీళ్ళు పోసి, బీరకాయ కూరా, మిరియాల చారూ వేసి మొదటిసారి అన్నం పెట్టడం. అంతవరకూ జావ, బార్లీ, పాలలో రొట్టె. స్నానం లేదు, గాలి తగలకూడదు, గడప దాటకూడదు. మా చిన్నప్పుడు అందరికీ అలాగే చేశారు. మరి మంచి రోజు దొరకాలి కదా. మంగళవారం పనికిరాదంది. ఆ తర్వాత అష్టమి దగ్గర పడిందంది. అది వెళ్ళాక నా జన్మ నక్షత్రం వచ్చిపడింది. ఆసుపత్రివాళ్ళు లేచి తిరగమన్నారని మురళి ఒకసారి గొణిగాడు. "వాళ్ళు అందరికీ అలాగే చెబుతారు" అంది వదిన.

నిజం చెప్పొద్దూ, నాకూ హాయిగానే ఉంది. జీవితంలో ఎన్నడూ ఎరగని సేవ. కోడలు ఒళ్ళు తుడుస్తుంది, తల దువ్వుతుంది, చెంచాతో జావ పడుతుంది. కాలనీ ఆడవాళ్ళు బత్తాయిలూ బ్రెడ్డు పాకెట్లూ పట్టుకుని పరామర్శకి వచ్చేవారు. "అదృష్టవంతులండీ, ఎంత బాగా చూసుకుంటోంది" అనేవారు. సుజాత మొహం వెలిగిపోయేది. నేను కాలు కింద పెట్టబోతే వాళ్ళే "అయ్యయ్యో" అని పడుకోబెట్టేవారు. పెద్దవాళ్ళని లేవనివ్వకుండా చూసుకోవడమే మనకి మర్యాద మరి.

చివరికి పథ్యం రోజు వచ్చింది. వేడినీళ్ళు తోడారు. వదిన ఒకవైపు, సుజాత ఒకవైపు పట్టుకుని నిలబెట్టారు. నా మోకాళ్ళు తడిసిన అట్టముక్కల్లా మడతపడిపోయాయి. ముగ్గురం కలిసి గోడకి చేరబడ్డాం. వాళ్ళు వదిలితే నేను నేలమీదే ఉండేదాన్ని. జ్వరం లేదు, నొప్పి లేదు, నిలబడే శక్తి మాత్రం లేదు. ఇక ఇంతేనేమో అనుకున్నాను. ఇక జీవితమంతా నా ఒళ్ళు ఇంకొకరు కడగాలి. చావంటే నాకు అంత భయం లేదు కానీ, ఆ ఆలోచన మాత్రం భరించలేకపోయాను. ఆ రోజు బీరకాయ కూర ఎలా ఉందో నాకు తెలియదు.

మర్నాడు మురళి నన్ను కుర్చీతో సహా ఎత్తుకుని ఆటో ఎక్కించాడు. ఎమర్జెన్సీలో చూసిన ఆ డాక్టరే ఉన్నాడు. కాళ్ళు చూశాడు, తొడలు నొక్కి చూశాడు. ఇంట్లో ఏం చేశారని అడిగాడు. చెప్పాం.

"జ్వరం ఎప్పుడో పోయిందమ్మా. మీరే ఇంకా దానికోసం పడుకుని ఉన్నారు. ఈ వయసులో మంచం మీద ఉన్నకొద్దీ కండ కరిగిపోతుంది. పట్టుకుని లేవండి, మెల్లగా లేవండి, పడకుండా లేవండి. కానీ లేవండి."

"మళ్ళీ మునుపటిలా అవుతానా?"

అతను అబద్ధం చెప్పలేదు. "చాలావరకు రావచ్చు. అంతా వస్తుందని చెప్పలేను."

ఇంటికొచ్చి మురళి కోపంగా ఏదో అనబోతే వదిన మొహం చిన్నబుచ్చుకుంది. "మా పెద్దాడికి సన్నిపాత జ్వరం వచ్చి తగ్గింది రా. తొందరపడి అన్నం పెట్టాను, తిరిగి ఆడుకోనిచ్చాను. జ్వరం తిరగబెట్టి పోయాడు. నాకు తెలిసింది అదే" అంది. వాడు పోయినప్పుడు ఆరేళ్ళు. ఆవిడ నోట ఆ పిల్లాడి మాట నేను ఎన్నో ఏళ్ళ తర్వాత విన్నాను. నాకు ఇక కోపం ఎక్కడినుంచి వస్తుంది?

దసరా ముందు

ఆ వారంలోనే ఒక సాయంత్రం వంటింట్లో మొగుడూ పెళ్ళాల మాటలు వినబడ్డాయి. నేను నిద్రపోయాననుకున్నారు.

"రేపు ఫోన్ చేసి ఉద్యోగానికి రానని చెప్పేస్తా" అంటోంది సుజాత.

"ఎవరైనా ఆయాని పెడదాం" అన్నాడు మురళి.

"పరాయి మనిషి ముందర అత్త చీర విప్పుతుందా? నా ముందర విప్పడానికే కండ్లు మూసుకుంటాది. వద్దులే. ఉద్యోగం మల్లా ఎప్పుడన్నా దొరుకుతాది."

దొరకదని ఆ గొంతులోనే తెలుస్తోంది. నేను దిండులో మొహం పెట్టుకుని ఏడ్చాను. అంతవరకూ నా కాళ్ళు నా బాధే అనుకున్నాను. నేను స్నానం చేసుకోలేకపోతే ఆ పిల్ల గడప దాటలేదని అప్పుడు తెలిసింది.

పొద్దున్నే చెప్పాను. "దసరా ఇంకా రాలేదుగా. అప్పటిదాకా ఎవరికీ ఏ ఫోనూ చేయకు. నాకు అందాకా గడువివ్వు."

మొదట మంచం అంచున కూర్చోవడం. తల తిరిగేది. తర్వాత కుర్చీ వీపు పట్టుకుని నిలబడటం. తర్వాత కిటికీ దాకా. వెళ్ళాక తిరిగి రావాలని గుర్తొచ్చి ఏడుపొచ్చేది. ఒకోరోజు ముందురోజు చేసింది కూడా చేయలేకపోయేదాన్ని. అలాంటి రోజు ఎవరైనా పలకరిస్తే కసిరేదాన్ని. అందరికంటే ఎక్కువ తిట్లు సుజాతే తింది.

పరామర్శలవాళ్ళు మాత్రం ఆగలేదు. ఒకావిడ నేను గోడ పట్టుకుని నడవడం చూసి, "అదేమిటండీ, కోడలుండి కూడా మీచేత నడిపిస్తోందా?" అంది. సుజాత తల దించుకుని లోపలికి పోయింది. మొన్న అదృష్టవంతులన్నది ఈవిడే. "నేనే నడుస్తున్నానమ్మా. నన్నెవరూ నడిపించడం లేదు. కాస్త దారివ్వండి" అన్నాను. బత్తాయిల సంచీ బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది, మళ్ళీ రాలేదు.

ఒకరోజు పొద్దున నేను కుర్చీలోకి మారగానే వదిన నా పరుపు చుట్టి, సుజాతచేత డాబా మీదికి మోయించింది. "వానలకి ముక్కవాసన వస్తోంది. పగలు ఎండలో ఉండాలి" అంది. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. మబ్బు పట్టిన రోజు కూడా పరుపు ఎండలోకే పోయింది. పడుకుందామంటే నాకు చోటు లేదు. బందరు వెళ్ళేరోజు బస్సెక్కబోతూ, "పరుపు సంగతి చూసుకో" అని సుజాతకి అప్పజెప్పింది.

నడక వచ్చింది, చేతికర్రతో. మిగిలింది స్నానం. బాత్రూములో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేయించాను. కూర్చుని పోసుకుంటే నిలబడే పని లేదు. అన్నీ అమర్చాక సుజాత బయటికి పోనంటుంది.

"నువ్వు గోడవైపు తిరిగి నిలబడమంటే నిలబడతా. తలుపు మాత్రం వెయ్యనీను."

"నువ్వు లోపలుంటే ఒక్కదాన్నే చేసుకున్నట్టు ఎలా అవుతుందే?"

"పడితే?"

"పడితే పడతాను. నా ఒళ్ళు, నా ఇష్టం."

దాంతో ఆ పిల్లకి కోపం కట్టలు తెంచుకుంది. "నీ ఒళ్ళా? ఆ పొద్దు వరండాలో నా చేతుల్లో నువ్వు వాలిపోయినప్పుడు చచ్చిపోయినావనే అనుకున్నా అత్తా. పిలిస్తే పలకలా. నీ కొడుకు రాత్రి షిఫ్టులో ఉన్నాడు, ఇంట్లో నేనొక్కదాన్నే. ఇప్పటికీ నువ్వు కాసేపు మాట్లాడకుంటే నా గుండె ఆగిపోతాది. నీకేం తెలుసు?"

నాకు నిజంగానే తెలియదు. ఆ క్షణం నాకు గుర్తే లేదని ముందే చెప్పాను కదా. దాన్ని ఆ పిల్ల ఒక్కతే మోస్తోంది. ఇద్దరం బాత్రూము గడప దగ్గరే నిలబడి కాసేపు ఏడ్చాం. నీళ్ళు చల్లారిపోయాయి.

"అయితే ఒక పని చేద్దాం," అన్నాను. "నేను లోపల మాట్లాడుతూనే పోసుకుంటాను. నువ్వు బయట వింటూ ఉండు. నా నోరు ఆగితే తలుపు తోసుకుని వచ్చెయ్. గడియ పెట్టను."

"నోరు ఆపకుండా మాట్లాడతావా?"

"ముప్ఫై ఏళ్ళు కౌంటరులో చేసిన పని అదేగా."

కార్తీకం

అలా మొదలైంది. ఎదురింటివాళ్ళు మొదట్లో నాకు మతి చలించిందనుకున్నారట. తలుపు అవతలికి గట్టిగా అరిచి చెబుతూ సబ్బు రాసుకునేదాన్ని. నీళ్ళ ట్యాంకరు వాడిని తిట్టడం, మా అమ్మ గోంగూర ఎలా నూరేదో చెప్పడం, పోస్టాఫీసు కథలు. బయటినుంచి "ఊఁ" అని వినపడేది. మొదట ఆ ఊఁ తలుపును ఆనుకునే ఉండేది. రోజులు గడిచేకొద్దీ కొంచెం దూరంనుంచి, పోపు చప్పుడు మధ్యలోంచి వచ్చేది.

సుజాత దసరా వెళ్ళాక ఉద్యోగంలో చేరింది. కంపెనీ వ్యాను పొద్దున వచ్చేది. నేను స్నానం ముగించి బయటికి వచ్చాకే వ్యాను ఎక్కడం తన నియమం. మురళిది అప్పటికే పొద్దున షిఫ్టు, ముందే వెళ్ళిపోతాడు.

ఒకరోజు ఊరగాయ పార్సెల్ కథ అందుకున్నాను. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఎవరో జాడీ సరిగ్గా కట్టకుండా ఆవకాయ పార్సెల్ చేశారు. అది సంచీలో పగిలి, ఊళ్ళో వాళ్ళ ఉత్తరాలన్నీ ఎర్రగా నూనె ఓడుతూ వచ్చాయి. కొత్త పెళ్ళికొడుకు ఉత్తరం నుంచి మున్సిపాలిటీ నోటీసు దాకా ఒకటే ఘాటు. ఆ జాడీ ఎవరిదో కనిపెట్టడానికి మా పోస్టుమాస్టరు పడ్డ పాట్లు చెబుతూ, నీళ్ళు పోసుకుని, ఒళ్ళు తుడుచుకుని, చీర చుట్టుకున్నాను. "ఇంతకీ అది ఎవరిదో చెప్పుకో చూద్దాం" అన్నాను. ఊఁ రాలేదు. మళ్ళీ అడిగాను. రాలేదు.

అలిగిందేమోనని గోడ పట్టుకుని బయటికి వచ్చాను. వంటింట్లో స్టవ్ ఆర్పి ఉంది. కాఫీ గ్లాసు మీద మూత పెట్టి ఉంది. గుమ్మంలో కొత్త చెప్పులు లేవు. ఎదురింటావిడ బట్టలు ఆరేస్తూ, "మీ కోడలు పోయి ఎంతసేపయిందమ్మా! వ్యాను జల్దీ వచ్చింది ఇయ్యాల. పోయొస్తా అత్తా అని మొత్తుకుంది గదా, నీకు వినరాలే?" అంది.

నా గోలలో నాకే వినపడలేదు. ఇంట్లో ఎవరూ లేరు. ఎప్పటినుంచి లేరో కూడా తెలియదు. ఎవరూ కాపలా లేకుండా స్నానం చేశాను, తుడుచుకున్నాను, చీర కట్టుకున్నాను, వచ్చాను. జ్వరం వచ్చిన మర్నాడు పొద్దున నేను కూలిన చోటే వరండాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కళ్ళు తడిశాయి, అయినా సంతోషంగానే ఉంది. కాఫీ చల్లారింది. వేడి చేసుకుని తాగాను.

సాయంత్రం వ్యాను దిగి సుజాత గుమ్మంలోకి వచ్చింది. చెప్పులు కూడా విడవలేదు.

"అత్తా, ఆ జాడీ ఎవరిదో చెప్పనేలేదు. పొద్దుగూకులూ చెవుల్లో ఆ డాక్టర్లు మాట్లాడుతాంటే నాకు అదే ధ్యాస" అంది.

కూర్చోమని, మొదటినుంచీ చెప్పాను.